రోహిణి కార్తె ముందు రీఫ్ ట్యాంక్: చేపలు కొనకముందే చూసుకోవాల్సినవి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. హైదరాబాద్‌లో ఉప్పునీటి ట్యాంక్, అంటే సముద్రపు చేపలు, పగడాలు పెంచే రీఫ్ ట్యాంక్, పెట్టాలన్న సరదా కూడా సరిగ్గా అప్పుడే పుడుతుంది. పిల్లల పరీక్షలు అయిపోవస్తుంటాయి, సెలవుల్లో ఇంట్లో ఏదైనా కొత్తగా ఉంటే బాగుండుననిపిస్తుంది. ఏ స్నేహితుడి ఇంట్లోనో నీలం లైటు కింద ఊగుతున్న పగడాలు చూసొస్తాం. మార్చిలో ట్యాంక్ కొంటే అందులో నీళ్లు చేపలకు సిద్ధమయ్యేసరికి ఏప్రిల్ చివరవుతుంది. అంటే ప్రాణమున్నవి మన ఇంట్లో అడుగుపెట్టే వేళకి ఎదురుగా రోళ్లు పగిలే రోహిణి కార్తె నిలబడి ఉంటుంది.

అందుకని నేను ఎవరడిగినా చెప్పేది ఒకటే. మొదలుపెట్టడం ఇప్పుడే పెట్టండి. కానీ ఈ వేసవంతా ట్యాంకులో నీళ్లు, రాళ్లు, ఇసుక, వీటితోనే గడపండి. చేపలు మృగశిర దాటాకే. ఊరంతా చేపల పులుసు వండుకునే రోజుల్లో మీరు చేపలు పెంచడం మొదలుపెడతారు, అంతే తేడా. మే నెల ఎండకు ఖాళీ ట్యాంక్ తట్టుకోలేకపోయినా పోయేది కొంచెం ఉప్పు, కొంచెం కరెంటు బిల్లు. అదే చేపలుండగా జరిగితే పొద్దున్నే పిల్లలకు ఏం చెప్పాలో తెలియదు.

ఎక్కడ పెట్టాలి

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 190 లీటర్లు పడతాయి. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే 300 కిలోలకు అటూఇటూ. అపార్ట్‌మెంటులో దాన్ని హాలు మధ్యలో పెట్టొద్దు. బీము మీద కట్టిన గోడకు ఆనించి పెట్టండి. పడమటి ఎండ తగిలే గోడ అసలే వద్దు. పైఅంతస్తు వాళ్లు స్లాబు వేడిని కూడా లెక్కలో వేసుకోవాలి. సాయంత్రం ఆరు దాటాక కూడా ఆ స్లాబు పెనంలా వేడి కక్కుతూనే ఉంటుంది.

ఉప్పునీళ్లకు కరెంటు చాలా ఇష్టం. స్విచ్ బోర్డు ట్యాంకుకు పక్కగా, ఎత్తులో ఉండాలి. ప్రతి వైరూ ఒకసారి ప్లగ్గు కన్నా కిందకి వేలాడి, మళ్లీ పైకి వెళ్లి ప్లగ్గులోకి దూరాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క అడుగున నేల మీదే పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుని, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) ఒకటి పెట్టించండి. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆఫ్ చేసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

వేడి

రీఫ్ ట్యాంక్ నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉంటే అన్నీ హాయిగా ఉంటాయి. 29 దాటితే పగడాలు ఇబ్బంది పడతాయి. 30 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే రంగు వదిలేసి తెల్లబడటం మొదలవుతుంది. మన దగ్గర మేలో బయట 40 దాటడం మామూలే. పైగా పంపుల వేడి, లైట్ల వేడి నేరుగా నీళ్లలోకే వెళ్తాయి.

దీనికి ఐసు సీసాలు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. రాళ్లూ ఇసుకా పోగా మన ట్యాంకులో ఉండేవి 170 లీటర్ల నీళ్లు. అందులో లీటరు ఐసు సీసా ఒకటి పూర్తిగా కరిగినా ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. అదే ఒక లీటరు నీరు ఆవిరై పోతే మూడు డిగ్రీలు తగ్గేంత వేడిని పట్టుకుపోతుంది, అంటే ఐసు కన్నా సుమారు ఐదు రెట్లు. ఇంట్లో రంజన్ చల్లబడేది కూడా ఇలాగే కదా, మట్టిలోంచి చెమర్చిన నీరు ఆరిపోతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. కాబట్టి ట్యాంకు మూత తీసి వల వేసి, నీటి మీదకు ఏటవాలుగా గాలి తగిలేట్టు చిన్న ఫ్యాన్లు రెండు బిగించండి. హైదరాబాద్ ఎండ పొడి ఎండ కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది, విశాఖలో ఉక్కపోతకు ఇంతగా పనిచేయదు. అయితే అదే గదిలో డెజర్ట్ కూలర్ పెట్టి కిటికీలు మూసేస్తే గదిలో తేమ పెరిగి ఫ్యాన్ల పని సగానికి పడిపోతుంది. కూలర్ పెడితే కిటికీ తెరిచి ఉంచాల్సిందే.

ఫ్యాన్లతో వచ్చే చిక్కు ఇంకోటుంది. మా ట్యాంకులో మే నెలలో రోజుకు నాలుగు లీటర్లు తగ్గేవి. ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. రెండు రోజులు పట్టించుకోకపోతే 35 ఉండాల్సిన లవణీయత (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) 37 దగ్గరకు చేరుతుంది. తగ్గిన మేరకు ఉప్పు కలపని శుద్ధమైన నీరే పోయాలి. కొత్తవాళ్లు ఉప్పునీళ్లు పోసి ఉన్న ఉప్పును ఇంకా పెంచుతారు. నీరు తగ్గగానే తనంతట తానే నింపే ఆటో టాప్ అప్ కొనడం లగ్జరీ అనుకోకండి. చేపలకు పెట్టే డబ్బులో కొంత ముందు దానికి పెట్టండి.

లైట్లను పగలు వేయకండి, సాయంత్రం ఐదు నుంచి రాత్రి పన్నెండు దాకా వేయండి. పగడాలకు కావాల్సింది గంటలే, అది పగలా రాత్రా అన్నది వాటికి పట్టదు. దీంతో మధ్యాహ్నపు వేడికి లైటు వేడి తోడవదు. ఇవన్నీ చేశాక కూడా నీళ్లు 29 దాటుతుంటే నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్, తప్పదు. అది నీళ్లలోంచి లాగిన వేడిని గదిలోకి వదులుతుంది కాబట్టి దాన్ని మూసిన క్యాబినెట్‌లో దూర్చకండి.

కరెంటు పోయిన రాత్రి

ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఒక్కటే కాదు, సాయంత్రం ఉన్నట్టుండి వచ్చే గాలివాన కూడా ఉంటుంది. చెట్టు కొమ్మ తీగల మీద పడిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఉప్పునీటిలో ఇంకా తక్కువ. పంపు ఆగితే చేపలకు ఎక్కువ టైము ఉండదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద వేవ్‌మేకర్ (నీటిని కదిలించే చిన్న పంపు) ఒక్కటి పెట్టండి, చాలు. 10, 15 వాట్లు తీసుకుంటుంది, రాత్రంతా నడుస్తుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం అయ్యుండాలి, చవక రకంతో పంపు గుయ్యిమంటూ వేడెక్కుతుంది. హీటర్‌ని, చిల్లర్‌ని ఇన్వర్టర్‌కు కలపకండి. ఇన్వర్టర్ లేనివాళ్లు కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనుక్కోవాలి.

ఇంకో పరీక్ష ట్యాంకులో చేపలు లేనప్పుడే చేయండి. కింద క్యాబినెట్‌లో రెండో తొట్టి పెట్టుకుంటారు, సంప్ అంటారు (అపార్ట్‌మెంటు కింద ఉండే సంప్ కాదు). మెయిన్ ఆపేసి టార్చిలైటుతో దాని పక్కన కూర్చోండి. పై ట్యాంకులోంచి నీళ్లు పైపు గుండా వెనక్కి దిగుతూ ఉంటాయి. అవి సంప్ అంచుకు రెండంగుళాల కిందైనా ఆగాలి. ఆగకపోతే సంప్‌లో నీటి మట్టం తగ్గించాలి, లేదా సంప్ నుంచి నీళ్లను పైకి పంపే రిటర్న్ పైపుకు పైన నీటిమట్టానికి కొంచెం కిందగా చిన్న రంధ్రం పెట్టాలి. గాలి దూరగానే వెనక్కి వచ్చే నీళ్లు ఆగిపోతాయి. ఈ పరీక్ష చేయకపోతే మీ బదులు కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్ ఆ పరీక్ష రాస్తుంది.

నీళ్లు

సముద్రం మనకు మూడొందల కిలోమీటర్ల దూరం. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి వెళ్లినప్పుడు డబ్బాల్లో పట్టుకొద్దామనే వాళ్లున్నారు. ఒడ్డు నీళ్లలో ఏం కలిసి ఉందో తెలియదు, కారు డిక్కీలో వేడెక్కి వచ్చేసరికి అందులోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్లుతాయి. రీఫ్ ఉప్పు కొని ఇంట్లోనే కలుపుకోండి. లీటరుకు 35 నుంచి 38 గ్రాములు, మొదటిసారి నింపడానికి దగ్గర దగ్గర ఏడు కిలోలు. వంటింటి ఉప్పు ఎందుకూ పనికిరాదు. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ ఉండాలి, 35 దగ్గర, సాంద్రత లెక్కలో అయితే 1.026.

ఉప్పు కన్నా ముందు అసలు నీరే మన ఊళ్లో పెద్ద సమస్య. బోరు నీళ్లలో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత) వందల్లో ఉంటుంది, బోర్లు ఎండే కొద్దీ ఇంకా పెరుగుతుంది. ఇవాళ నల్లా నీళ్లు, రేపు ట్యాంకర్ నీళ్లు, ఎల్లుండి వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడర్ చల్లి కడిగిన సంప్‌లోంచి వచ్చిన నీళ్లు. మన ట్యాంకులో పోసే నీటి టీడీఎస్ సున్నా ఉండాలి. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు ఆ పని చేయవు, రుచి కోసం అందులో ఖనిజాలు మళ్లీ కలుపుతారు.

ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. మొదటి ట్యాంకును సరైన నీళ్లతోనే నింపాను. వేసవి వచ్చింది, రోజూ నాలుగు లీటర్లు ఎక్కడి నుంచి తేవాలి? ట్యాంక్ అమ్మిన కుర్రాడు, “ఇంట్లో ప్యూరిఫయర్ ఉందిగా సార్, మనం తాగే నీళ్లు చేపకు పడవా?” అన్నాడు. అప్పుడే కొన్నాం, నీటిలోకి రాగి వదిలే రకం. రెండు వారాలు దాని నీళ్లే పోశాను. ఒకరోజు పొద్దున చూస్తే అద్దం మీద ఉండాల్సిన నత్తలు మూడూ ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. క్లీనర్ రొయ్య రాయి పక్కన ఒరిగిపోయి ఉంది, తెల్లటి మీసాలు మాత్రం నీటి వాలుకు ఊగుతున్నాయి. చేపలు ఏమీ ఎరగనట్టు మేత కోసం పైకొచ్చాయి. రాగి టెస్ట్ కిట్ తెచ్చి చూస్తే రంగు మారింది. మనిషికి మంచిదని పెట్టిన రాగి, నత్తలకు, రొయ్యలకు, పగడాలకు అతి కొద్ది మోతాదులోనే విషం. పైగా అది రాళ్లలోకి ఇంకిపోయి మెల్లగా వదులుతూ ఉంటుంది. ఆ రాళ్లన్నీ పారేశాను.

చివర డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) ఉన్న ఆర్వో యూనిట్ విడిగా పెట్టుకోండి. టీడీఎస్ మీటర్ 2 అని చూపించగానే రెసిన్ మార్చేయాలి. లీటరు మంచినీటికి మూడు లీటర్ల దాకా వృథాగా పోతాయి. నీటి కరువున్న నెలల్లో వాటిని బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి. యాభై లీటర్ల శుద్ధమైన నీరు ఎప్పుడూ నిల్వ ఉంచండి.

గాలిలోంచి వచ్చేవి

సందులోకి ఫాగింగ్ బండి వచ్చిందంటే ముందు కిటికీలు మూసి, ఎయిర్ పంపు ఆపి, ట్యాంక్ మీద తడి గుడ్డ కప్పండి. దోమల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ ప్రాణాంతకం, గదిలో గాలిని పంపు నేరుగా నీళ్లలోకి తోడుతుంది. దోమల కాయిల్, లిక్విడ్ మెషీన్, బొద్దింకల స్ప్రే ఆ గదిలో వద్దు. పండక్కి గోడలకు రంగులు వేయిస్తుంటే కూడా ఇదే జాగ్రత్త.

జొవాంథిడ్‌లని బటన్ ఆకారంలో రంగురంగుల పగడాలుంటాయి, చవక, మొండి, కొత్తవాళ్లకు బాగా నచ్చుతాయి. కానీ వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ ఉంటుంది, చాలా ఘోరమైన విషం. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకూడదు. అవి పట్టిన రాయిని బ్రష్‌తో తోమకూడదు, వేడినీళ్లలో అసలే మరిగించకూడదు. రాయి శుభ్రం చేద్దామని మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఇంట్లోవాళ్లంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. చేతికి గాయముంటే ఆ చెయ్యి నీళ్లలో పెట్టొద్దు.

చట్టం

మన సముద్రాల్లోని గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులి ఉన్న జాబితాలో. ఎండిన పగడపు ముక్క ఇంట్లో పెట్టుకున్నా తప్పే. “అండమాన్ లైవ్ రాక్” (జీవులు పట్టిన సముద్రపు రాయి) అని ఎవరైనా చెవిలో చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. విదేశాల నుంచి వచ్చినవైతే బిల్లు, దిగుమతి కాగితాలు అడగండి. సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం) జాబితాలోని జీవులు మీ దగ్గరుంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 నిబంధనలు చెబుతున్నాయి. రాళ్లకు సిరామిక్‌వో, సిమెంటుతో చేసినవో చాలు.

మృగశిర తర్వాత

వేసవంతా ఖాళీ ట్యాంకులో రోజుకు చిటికెడు మేత వేస్తుంటే, చేపల వ్యర్థాల్లోంచి వచ్చే విషపు అమోనియాను తినేసే బ్యాక్టీరియా బతికి ఉంటుంది. గోధుమరంగు పాచి వస్తుంది, దానంతట అదే పోతుంది. చేపలు తెచ్చేముందు అమోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దాకా కలిపి చూడండి. 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే సిద్ధమైనట్టే.

మొదట తెచ్చేవి రెండు క్లౌన్ ఫిష్, అది కూడా హ్యాచరీలో పుట్టినవి. మన దేశంలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వీటిని పుట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు. డామ్‌సెల్‌లు చవకని కొంటే తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతాయి. పిల్లలు అడిగే నీలం ‘డోరీ’ అడుగు పొడవు దాకా పెరుగుతుంది, మూడడుగుల ట్యాంకులో దానికి జైలే. సీ అనిమోన్‌కి (పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఏడాది ఆగండి, కుదురుగా లేని ట్యాంకులో అది నడుచుకుంటూ వెళ్లి పంపులో ఇరుక్కుంటుంది.

కొన్న చేపను నెల రోజులు విడిగా చిన్న ట్యాంకులో ఉంచండి. ఉప్పునీటి తెల్లమచ్చ జబ్బు ఒకసారి పెద్ద ట్యాంకులో చేరితే, చేపలన్నీ తీసి రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాల్సి వస్తుంది. ఈ జబ్బుకు వాడే రాగి మందు ఆ చిన్న ట్యాంకులోనే వాడాలి.

చేప సంచిలో ఎంతసేపు ప్రయాణించిందో కనుక్కోండి. చెన్నై నుంచో ముంబై నుంచో వచ్చిందయితే సంచి నీళ్లలో అమోనియా పేరుకుని ఉంటుంది. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా అంతగా హాని చేయని అమోనియా ఒక్కసారిగా విషమవుతుంది. అందుకే సంచి విప్పి గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చోకండి. కట్టిన సంచినే పావుగంట నీళ్ల మీద తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. అమ్మినవాళ్ల నీటి లవణీయత ముందే కనుక్కుని చిన్న ట్యాంకు నీళ్లను దానికి దగ్గరగా కలిపి ఉంచుకోండి, సంచి విప్పగానే ఒకసారి కొలిచి చూసి, చేపను మగ్గుతో తీసి అందులో వదిలేయండి. సంచిలో నీళ్లు మాత్రం సింకులో పారబోయాలి.