మైనర్ లీగ్ బేస్‌బాల్ చూడటం నేర్చుకుందాం – నాలుగో భాగం: క్యాచర్‌ని అంచనా కట్టడం, నవంబర్ లెక్కలు

పోయిన భాగంలో షార్ట్‌స్టాప్‌ల అభ్యాసం ఇచ్చాను. చేసినవాళ్లు చేశారు, మిగతావాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చేస్తారనే నమ్మకం నాకుంది. ఈసారి క్యాచర్, అంటే పిచ్చర్ (బౌలర్ లాంటివాడు) విసిరే బంతిని బ్యాటర్ వెనక కూర్చుని పట్టేవాడు, మన వికెట్ కీపర్ లాంటివాడు. పాఠం కాస్త పెద్దదే, పైగా సగం గ్రౌండ్‌లో, సగం ఆఫీసు కాగితాల్లో జరుగుతుంది కాబట్టి ఒక టీ పెట్టుకుని కూర్చోండి.

ముందుగా, బ్యాటింగ్ యావరేజ్ పక్కన పెట్టేయండి. అసలు చూడొద్దని కాదు, చివర్లో చూద్దాం. కాల్ రాలీని తీసుకోండి. 2018 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) మూడో రౌండ్‌లో మెరీనర్స్ టీమ్ వాళ్లు తీసుకున్నారు. 2021లో మేజర్స్‌కి (అన్నిటికంటే పై లీగ్‌కి) వచ్చి 47 మ్యాచ్‌లు ఆడి .180 కొట్టాడు, అంటే వంద ప్రయత్నాలకి 18 హిట్ల లెక్కన. 2022 ఏప్రిల్‌లో మళ్లీ టకోమాకి, అంటే ఒక మెట్టు కింద ఉండే వాళ్ల మైనర్ లీగ్ టీమ్‌కి, పంపేశారు. ఆ అంకె ఒక్కటే చూసినవాడు అప్పుడే పేరు కొట్టేసి ఉంటాడు. అదే మనిషి 2024లో ప్లాటినమ్ గ్లవ్ (లీగ్‌లో అందరికంటే మంచి ఫీల్డర్‌కి ఇచ్చేది) అందుకున్నాడు, 2025లో 60 హోమ్ రన్‌లు కొట్టాడు. క్యాచర్‌కి బ్యాటింగ్ ఆలస్యంగా వస్తుంది. రోజూ మూడు గంటలు మోకాళ్ల మీద కూర్చుని, పది పన్నెండు మంది పిచ్చర్ల అలవాట్లు గుర్తుపెట్టుకుని, మధ్యలో వెళ్లి బ్యాట్ కూడా ఊపమంటే ఎవరికైనా టైమ్ పడుతుంది మరి.

సరే, ఏం చూడాలి? మొదటిది పాప్ టైమ్. దొంగతనంగా సెకండ్ బేస్‌కి పరిగెత్తే రన్నర్‌ని ఆపడానికి క్యాచర్ ఎంత సేపు తీసుకుంటున్నాడనేది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరవండి. బంతి మిట్‌లో (క్యాచర్ గ్లవ్‌లో) పడిన చప్పుడికి స్టార్ట్, సెకండ్ బేస్ దగ్గర ఫీల్డర్ గ్లవ్‌లో పడగానే స్టాప్. మేజర్స్‌లో సగటు 2.0 సెకన్ల దగ్గర ఉంటుంది. 1.9 అంటే చాలా బాగున్నట్టు, 2.1 అయితే ఇబ్బందే. ఆ తేడా చిన్నగా కనిపిస్తుంది కానీ, మామూలు వేగంతో పరిగెత్తే రన్నర్ 0.1 సెకనులో రెండున్నర అడుగులు దాటేస్తాడు. ధోనీ స్టంపింగ్‌లు చూస్తూ పెరిగిన మన కళ్లకి ఇది వేరే ఆటలా అనిపిస్తుంది, ఎందుకంటే కీపర్‌కి వికెట్లు చేతికందే దూరంలో ఉంటాయి, ఇక్కడ బంతి 127 అడుగులు వెళ్లాలి.

ఇన్నింగ్స్ మధ్యలో వార్మప్‌గా విసిరే త్రోలు కొలవకండి, అప్పుడు అందరూ ముందే లేచి నిలబడి విసురుతారు. నిజంగా రన్నర్ పరిగెత్తినప్పుడే కొలవండి. కొలిచాక వీడియో వెనక్కి తిప్పి చేతులు చూడండి. ఆ రెండు సెకన్లలో బంతిని మిట్‌లోంచి తీసి చేయి దాటించడానికే సుమారు 0.7 సెకన్లు పోతుంది. చేతి బలం గొప్పగా ఉన్నా మిట్‌లో బంతి వెతుక్కునే కుర్రాడు ఉంటాడు, బలం మామూలే అయినా మిట్‌ని చెవి దగ్గరికి లాక్కుంటూ అదే ఊపులో పాదాలు మార్చేసేవాడూ ఉంటాడు. నాకైతే రెండోవాడే ఇష్టం. బలం పెద్దగా పెరగదు గానీ, పాదాలు బాగున్నవాడు ఏ లెవెల్‌కి వెళ్లినా ఆ పని చేస్తాడు.

ఇంకో సంగతి. ఎంతమందిని అవుట్ చేశాడన్న శాతం చూసి మోసపోవద్దు. పిచ్చర్ కదలడం మొదలుపెట్టి బంతి ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీదుండే పలక) చేరడానికి 1.3 సెకన్లు పట్టి, క్యాచర్‌కి 2.0 పడితే మొత్తం 3.3. పిచ్చర్ 1.6 తీసుకుంటే ఇక క్యాచర్ దేవుడైనా లాభం లేదు. పైగా 2023లో బేస్‌లు పెద్దవి చేసి, పిచ్చర్ రన్నర్ వైపు బంతి విసరడం మీద పరిమితి పెట్టాక, మేజర్స్‌లో స్టీల్స్ (అలా దొంగతనంగా చేరిన బేస్‌లు) 2022లో 2,486 ఉన్నవి ఒక్కసారిగా 3,503కి ఎగిరాయి. పాత శాతాలతో కొత్తవాళ్లని పోల్చడం అన్యాయం.

బ్లాకింగ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మూడో బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు నేలకి తగిలే బంతిని ఛాతీతో తన ముందే పడేసుకుంటున్నాడా, లేక మిట్ చాచి పట్టుకోబోతున్నాడా చూడండి చాలు.

ఫ్రేమింగ్ దగ్గరే అసలు చిక్కు. అంచు మీద పడిన బంతి అంపైర్ కంటికి స్ట్రైక్‌లా, అంటే హద్దు లోపల పడ్డట్టు, కనిపించేలా పట్టుకోవడం. వీడియోలో తల కాదు, మిట్ చూడండి. బంతి రాకముందే మిట్ నేల వైపు దించి, బంతితో పాటు పైకి తీసుకొస్తే మంచిది. పట్టుకున్నాక పక్కకి గుంజితే అంపైర్‌కి తెలిసిపోతుంది. జెయింట్స్‌లో పేరు తెచ్చుకున్న క్యాచర్ ప్యాట్రిక్ బెయిలీ వీడియోలు చూస్తే ఒక్క రోజులో అర్థమవుతుంది, బ్యాట్‌తో పెద్దగా లేకపోయినా ఈ ఒక్క పనితో స్థానం సంపాదించుకున్నాడు. కానీ 2026 సీజన్ నుంచి మేజర్స్‌లో బాల్ (హద్దు బయట పడ్డ బంతి), స్ట్రైక్ నిర్ణయాల మీద ఛాలెంజ్ వచ్చింది. టీమ్‌కి రెండు ఛాలెంజ్‌లు, గెలిస్తే అది మిగులుతుంది. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ మాత్రమే అడగాలి, డగౌట్ నుంచి సాయం ఉండకూడదు. మైనర్ లీగ్‌లో పై మెట్టు ట్రిపుల్-ఎలో (దాని కింద వరసగా డబుల్-ఎ, హై-ఎ, సింగిల్-ఎ) ఇది ముందే ఉంది కాబట్టి అక్కడ ఒక కొత్త విషయం గమనించొచ్చు: ఎవరు ఎప్పుడు తల మీద తట్టి ఛాలెంజ్ చేస్తున్నారు, రెండో ఇన్నింగ్స్‌లోనే కోపంతో తగలేస్తున్నారా, ఎనిమిదిలో బేస్‌లు నిండినప్పటికి దాచుకుంటున్నారా. రాబోయే ఏళ్లలో క్యాచర్ విలువలో ఇదీ ఒక భాగమవుతుందని నా లెక్క.

ఇక కాగితాల పని. టీమ్ దగ్గర 40 మంది రోస్టర్ ఉంటుంది, అందులో 26 మంది మేజర్స్‌లో ఆడతారు. 18 ఏళ్లకో అంతకు ముందో సంతకం చేసిన కుర్రాడిని ఐదు సీజన్లలోగా, 19 నిండాక చేసినవాడిని నాలుగు సీజన్లలోగా ఆ 40లోకి చేర్చాలి. చేర్చకపోతే డిసెంబర్‌లో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే టీమ్ లక్ష డాలర్లు కట్టి పట్టుకుపోవచ్చు. ఉదాహరణకి 2022లో కాలేజీ నుంచి తీసుకున్నవాడికి గడువు 2025 నవంబర్. హైస్కూల్ నుంచి 2021లో తీసుకున్నవాడికీ అదే గడువు. పట్టుకుపోయిన టీమ్ అతన్ని సీజనంతా 26లోనే ఉంచాలి, లేదంటే 50 వేల డాలర్లకి పాత టీమ్‌కి తిరిగి ఇవ్వజూపాలి.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న "కుర్రాడు మంచోడా కాదా" అని. అది తప్పు ప్రశ్న. అడగాల్సింది, "ఇంకో టీమ్ ఇతన్ని ఏడాది పొడుగునా మేజర్స్‌లో భరించగలదా" అని. చాలామంది క్యాచర్‌ని ఎవరూ భరించలేరనే అనుకుంటారు, పిచ్చర్లందరితో పని కదా, పచ్చి కుర్రాడికి ఎలా అప్పగిస్తారని. ఎక్కువసార్లు అది నిజమే. విల్సన్ కాంట్రెరస్‌ని కబ్స్ 2009లో సంతకం చేయించారు, 2014 చివర్లో 40లో చేర్చకుండా వదిలేశారు, ఏ టీమూ ముట్టుకోలేదు. మరుసటి ఏడాది డబుల్-ఎలో .333 కొట్టి లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. 2016లో మేజర్స్‌లో ఎదుర్కొన్న మొదటి బంతికే హోమ్ రన్.

కానీ రెండో క్యాచర్ వారానికి ఒకటి రెండు మ్యాచ్‌లే ఆడతాడు కాబట్టి, ఓడిపోవడానికి సిద్ధపడ్డ టీమ్ ఒక కుర్రాడిని ఆ మూల దాచేయగలదు. 2016 డిసెంబర్‌లో లూయిస్ టోరెన్స్ విషయంలో జరిగింది అదే. యాంకీస్ కుర్రాడు, 20 ఏళ్లు, భుజం సర్జరీతో 2015 సీజనంతా పోగొట్టుకున్నవాడు, సింగిల్-ఎ దాటి ఆడనివాడు. రెడ్స్ తీసుకుని పాడ్రేస్‌కి పంపారు, పాడ్రేస్ 2017 అంతా ఉంచుకున్నారు. 56 మ్యాచ్‌లు, .163. మరుసటి ఏడాది కిందికి, హై-ఎకి పంపించి మొదటి నుంచి నేర్పించాల్సి వచ్చింది. పాడ్రేస్‌కి ఆటగాడు దక్కాడు, కుర్రాడికి మాత్రం ఒక ఏడాది ఆట పోయింది. ఆ తర్వాత టీమ్‌లు మారుతూ 2024 జూన్ 9న లండన్‌లో మెట్స్ తరఫున, బేస్‌లు నిండి ఒకే అవుట్ ఉన్నప్పుడు, ప్లేట్ ముందు పడిన చిన్న బంతిని అందుకుని, ప్లేట్ తొక్కి, ఫస్ట్ బేస్‌కి విసిరి మ్యాచ్ ముగించేశాడు. ఆ క్లిప్ దొరికితే పాదాలు చూడండి, పైన నేను చెప్పింది అదే.

అలాగని భయపడి అందరినీ 40లో చేర్చేయడమూ కుదరదు. చేర్చాక ఆప్షన్లు మొదలవుతాయి. 40లో ఉన్నవాడిని కిందికి పంపడానికి మామూలుగా మూడు సీజన్లే అవకాశం. ఒక సీజన్‌లో 20 రోజులు కింద గడిపితే ఒక ఆప్షన్ ఖర్చయినట్టే. జోయీ బార్ట్‌ని 2018 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా జెయింట్స్ తీసుకున్నారు. 2020లో వాళ్ల మొదటి క్యాచర్ బస్టర్ పోసీ ఆ సీజన్ ఆడనని తప్పుకోవడంతో ఆగస్టులోనే బార్ట్‌ని పైకి తెచ్చారు. 2024 వచ్చేసరికి ఆప్షన్లు అయిపోయాయి, అప్పటికే బెయిలీ కుదురుకున్నాడు, బ్యాకప్‌గా టామ్ మర్ఫీని తెచ్చుకున్నారు. కిందికి పంపడానికి లేదు, పైన చోటు లేదు. సీజన్ మొదటి వారంలోనే రోస్టర్ నుంచి తీసేసి పైరేట్స్‌కి ఇచ్చేశారు. ఆటకంటే గడియారమే అతన్ని పంపేసిందని నేనంటాను.

కాబట్టి నా పద్ధతి ఇది. డబుల్-ఎలో ఏడాది ఆడి, పాప్ టైమ్, బ్లాకింగ్ రెండూ సరిపోతే చేర్చేస్తాను, బ్యాట్ .220 అయినా సరే, ఎందుకంటే అలాంటివాడిని బ్యాకప్‌గా దాచుకోవడం ఎవరికైనా సులువు. సింగిల్-ఎలో బాగా కొట్టి మిట్ ఇంకా రానివాడిని వదిలేస్తాను, రిస్క్ ఉన్నా. ముప్పై దాటిన మూడో క్యాచర్ కోసం 40లో చోటు వాడను, మైనర్ లీగ్ కాంట్రాక్ట్ ఇచ్చి స్ప్రింగ్ ట్రైనింగ్‌కి (సీజన్ ముందు జరిగే శిక్షణకి) పిలుస్తాను. అక్కడ అంతమంది పిచ్చర్లకి బంతులు పట్టేవాళ్లు ఎలాగూ కావాలి.

అభ్యాసం: ఒక టీమ్‌ని ఎంచుకోండి. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మనవాళ్లకి రేంజర్స్ డబుల్-ఎ టీమ్ రఫ్‌రైడర్స్ గ్రౌండ్ ఊళ్లోనే ఉంది, టికెట్ కొనుక్కుని హోమ్ ప్లేట్ వెనక కూర్చోండి. మిగతావాళ్లు వీడియోలతో కానివ్వండి. 2023లో కాలేజీ నుంచి, 2022లో హైస్కూల్ నుంచి వచ్చిన క్యాచర్ల పేర్లు రాసుకోండి, వాళ్ల గడువు 2026 నవంబర్. ఒక్కొక్కరికి కనీసం ఐదు త్రోలు కొలిచి, ఎవరిని చేరుస్తారో, ఎవరిని వదిలేస్తారో, ఎందుకో ఒక్క వాక్యంలో తేదీ వేసి రాయండి. టీమ్ నిర్ణయం వచ్చాక ఆ వాక్యాన్ని దిద్దకండి, దాని కింద ఇంకో వాక్యం రాయండి. వచ్చే భాగంలో ఎడమచేతి రిలీవర్లు (మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్లు).