అంబాసిడర్ ఫ్యాను రెక్కలో పగులు

నాన్నగారి పాత అంబాసిడర్ దారిలో బాగానే నడిచేది. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకేది. నడుస్తున్న బండికి ఎదురుగాలి ఉంటుంది, ఆగిన బండికి రేడియేటర్ గుండా గాలి లాగే ఫ్యానే దిక్కు. అందుకే ముందు దాన్నే చూశాను.

ఇంజను చల్లారాక, ఫ్యానును తిప్పే బెల్టును వేలితో నొక్కితే అంగుళానికి పైగా లోపలికి పోయింది. గుడ్డతో మసి తుడిచాక అసలు భయం బయటపడింది: ఒక రెక్క మొదట్లో, రివెట్ పక్కన, వెంట్రుకంత పగులు. వెల్డింగ్ చేయిద్దామన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. తిరుగుతూ ఆ ముక్క ఊడితే రేడియేటర్‌ను చీల్చేస్తుంది, బానెట్ ఎత్తి ఉంటే మనిషికే తగులుతుంది.

రేడియేటర్ దించి, నాలుగు బోల్టులు విప్పి కొత్త ఫ్యాను వేశాను. ఫ్యాను బిగించి ఉండే వాటర్ పంపు ఇరుసును ఊపి చూస్తే లూజు లేదు. అదే బెల్టుతో తిరిగే డైనమోను బయటికి జరిపి, బెల్టు అరంగుళమే లొంగేలా బిగించాను. ఇప్పుడు 20 నిమిషాలు ఆగినా ముల్లు మధ్యలోనే నిలుస్తోంది.