నెల్లూరు, ఒంగోలులో ఉండి బాణీలు కట్టి బతకాలంటే

చెన్నై, హైదరాబాద్ అవకాశాల కోసం ఎదురుచూసే లోపు ఉన్న ఊళ్లోనే పని దొరుకుతుంది. గుడి కమిటీల భక్తి పాటలు, చర్చిల క్రిస్మస్ పాటలు, ఎన్నికల పాటలు, బట్టల షాపుల ప్రకటనలు, షార్ట్ ఫిల్ములకు రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) ఇలా చాలా ఉన్నాయి. వీటిలో ట్యూన్ బాగాలేక నష్టపోయేవాళ్లు తక్కువ, లెక్కా కాగితం లేక నష్టపోయేవాళ్లే ఎక్కువ.

మొదట పండుగల క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. పెంచలకోన, జొన్నవాడ బ్రహ్మోత్సవాలు వైశాఖంలో వస్తాయి కాబట్టి కమిటీవాళ్లను ఫిబ్రవరిలోనే కలవాలి. క్రిస్మస్ పాట అక్టోబర్ చివరికి చేతికిస్తేనే క్వయర్‌కు నేర్చుకునే టైముంటుంది. రొట్టెల పండుగ మొహర్రంతో పాటు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేడు తేదీ చూసి పని మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

రేటు నోటికొచ్చినట్టు చెప్పకండి. ఉదాహరణకు రచయితకు 2,000, గాయనికి 3,000, తబలాకు 2,000, మిక్సింగ్‌కు 3,000 అనుకుంటే మీ జేబులోంచి పోయేదే 10,000. దాని మీద మీ నాలుగు రోజుల కూలి కలిపి చెప్పాలి. సగం అడ్వాన్స్ పడ్డాకే గాయనిని పిలవండి. కరెక్షన్లు రెండుసార్లే ఉచితమని ముందే వాట్సాప్‌లో రాసి పంపండి. ట్యూన్ 'తననా'లతో పాడి ఒప్పించుకున్నాకే సాహిత్యం రాయించాలి. పాట రికార్డయ్యాక పల్లవి మార్చమంటే ఖర్చు రెట్టింపవుతుంది. ఎన్నికల పాటకైతే మొత్తం డబ్బు అందాకే ఫైలు ఇవ్వండి.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, గొంతు పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. మిక్సింగ్‌లో మాత్రం హెడ్‌ఫోన్‌ను నమ్ముకుంటే దెబ్బతింటారు. తిరునాళ్లలో ఆ పాట మోగేది మైకు సెట్టు హారన్లలో. వాటిలో 300 హెర్ట్జ్‌ల కింద బేస్ దాదాపు వినపడదు, ఎడమ కుడి తేడా ఉండదు. మోనో బటన్ నొక్కి, 300 కింద కోసేసి ఒకసారి వినండి. డోలక్ మాయమైతే దాని దెబ్బ శబ్దాన్ని 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య పెంచండి. స్టీరియో ఎఫెక్ట్ వేసిన వీణ మోనోలో సన్నబడిందంటే ఫేజ్ కొట్టుకుంటోందని, అంటే ఎడమ కుడి శబ్దాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయని అర్థం, ఆ ఎఫెక్ట్ తీసేయండి. కమిటీకి ఇచ్చేటప్పుడు పూర్తి పాటతో పాటు మైనస్ ట్రాక్ (గొంతు లేకుండా సంగీతం మాత్రమే ఉన్నది) కూడా ఉందని చెప్పండి. ఆర్కెస్ట్రావాళ్లకు అదే కావాలి, దానికి వేరే రేటు.

సినిమా ట్యూన్‌కు దేవుడి మాటలు పెట్టమని చాలామంది అడుగుతారు. ఒప్పుకోకండి. యూట్యూబ్‌లో పెట్టగానే కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ) క్లెయిమ్ పడి, ఆదాయం అసలు హక్కుదారుకు వెళ్తుంది. అన్నమయ్య కీర్తన అయితే ఇబ్బంది లేదనుకోవడమూ పొరపాటే. సాహిత్యం పాతదే కానీ, మనం వినే బాణీల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో కట్టారు. స్వరకర్త పోయాక 60 ఏళ్ల వరకు బాణీకి కాపీరైట్ ఉంటుంది. సాహిత్యం తీసుకుని ట్యూన్ మీరే కట్టండి. రెడీమేడ్ లూపులతోనూ (ముందే రికార్డు చేసి ఉన్న వాయిద్యాల ముక్కలు) జాగ్రత్త, అదే లూపు వాడిన ఇంకొకరి పాట మీ పాట మీద క్లెయిమ్ వేయగలదు.

ఇక హక్కులు. 'పాట సర్వహక్కులతో ఇచ్చేశాను' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఏ పాట, ఏ హక్కు, ఎన్నేళ్లు, ఎక్కడ, ఎంత డబ్బు అన్నవి కాగితంలో ఉండాలి. కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా లెక్కిస్తుంది. ఆ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, సినిమాహాల్లో సినిమాతో పాటు వినిపించేది మినహా మిగతా వాడకాల్లో స్వరకర్త, రచయితల రాయల్టీ వాటాను వారి వారసులు, కాపీరైట్ సొసైటీ తప్ప ఎవరూ రాయించుకోలేరు. ఆ వాటా వసూలు కావాలంటే స్వరకర్తల, రచయితల కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్ఎస్‌లో సభ్యులై ప్రతి పాటనూ నమోదు చేయాలి. పాటను స్పాటిఫై లాంటి యాప్‌లలో పెట్టే డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగ్ డబ్బు మాత్రమే, బాణీ డబ్బు వేరే దారిలో వస్తుంది. రచయితతో వాటా ఎంతో పాట విడుదలకు ముందే రాసుకోండి, సగం సగం మామూలు. స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ దాటని పాటకు రికార్డింగ్ డబ్బు పైసా రాదు కాబట్టి, అద్దె కట్టాల్సింది ఆర్డర్ల డబ్బుతోనే.

ప్రతి ప్రాజెక్టు ఫైలునూ, విడివిడి ట్రాకులనూ రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచండి. వచ్చే ఏడు కమిటీ మారి, చరణంలో ఒక పేరు మార్చమంటారు. ట్రాకులుంటే అది గంట పని, దానికీ రేటు తీసుకోవచ్చు.