ఫ్లూ హీమగ్లుటినిన్ టైటర్: ప్లేట్ వేయడం, చదవడం

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఒంటి నిండా ముళ్లలా పొడుచుకొచ్చిన ప్రోటీన్ హీమగ్లుటినిన్. పొడవు సుమారు 13.5 నానోమీటర్లు; ఒకేలాంటి మూడు భాగాలు పెనవేసుకుని ఉంటాయి. ప్రతి భాగానికీ తల దగ్గర ఒక చిన్న పల్లం ఉంటుంది. కణం మీది సయాలిక్ ఆమ్లాన్ని (ఒక రకం చక్కెర అణువు) పట్టుకునేది ఆ పల్లమే. ఎర్ర రక్తకణాల మీద కూడా సయాలిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి, వైరస్ వాటిని ఒకదానికొకటి అతికించి వల అల్లేస్తుంది. 1941లో జార్జ్ హర్స్ట్ బయటపెట్టిన ఈ గుణాన్నే ఇక్కడ కొలుస్తాం. వైరస్‌ను ఎన్ని రెట్లు పలచబరిచినా కణాలను అతికించగలదో చెప్పే అంకే టైటర్.

కోడి లేదా టర్కీ కోడి రక్తకణాలను పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటి ద్రావణం)తో మూడుసార్లు కడగండి. అడుగుకు దిగిన కణాలు 0.5 మి.లీ., పీబీఎస్ 99.5 మి.లీ. కలిపితే 0.5 శాతం ద్రావణం వస్తుంది. పక్షి కణాలకు వి ఆకారపు అడుగున్న 96 వెల్స్ (చిన్న గుంతలు) ఉన్న ప్లేటే వాడాలి. గినీ పంది కణాలైతే యు ఆకారపు అడుగు వాడి, చదివే ముందు గంట ఆగాలి.

మొదటి వెల్‌లో 100 మైక్రోలీటర్ల వైరస్, మిగతా పదకొండింటిలో 50 చొప్పున పీబీఎస్ పోయండి. మొదటి దాంట్లోంచి 50 తీసి రెండో దాంట్లో కలిపి, అలా పదకొండో వెల్ వరకు వెళ్లి, చివరి 50 పారేయండి. పన్నెండోది కంట్రోల్, దాంట్లో వైరస్ పడకూడదు. అన్నిటిలో 50 మైక్రోలీటర్ల కణద్రావణం వేసి, గది ఉష్ణోగ్రతలో 30 నిమిషాలు కదపకుండా ఉంచండి.

చదివేటప్పుడు ప్లేట్‌ను వాల్చండి. అతుక్కోని కణాలు అడుగున బొత్తంలా చేరి, వాల్చగానే కన్నీటి చారలా కిందికి జారతాయి. అతుక్కున్నవి జారవు. పూర్తిగా అతుక్కున్న చివరి వెల్ ఏడోది అయితే టైటర్ 64, అంటే 50 మైక్రోలీటర్లలో 64 యూనిట్లు. యాంటీబాడీలు ఈ అతుకును ఆపుతాయా అని చూసే నిరోధక పరీక్షకు 50 మైక్రోలీటర్లలో 8 యూనిట్లు కావాలి కాబట్టి, ఒక వంతు వైరస్‌కు ఏడు వంతుల పీబీఎస్ కలపాలి. దీన్ని మళ్లీ టైట్రేట్ చేసి చూడకుండా ముందుకు పోవద్దు: మొదటి నాలుగు వెల్స్ అతుక్కోవాలి, ఐదోది జారాలి.

ఇక తేడాలు. కంట్రోల్ జారలేదంటే కణాలు పాతబడి ఉండొచ్చు, ప్లేట్ మొత్తం పనికిరాదు. ముందు అతుక్కున్నవి కాసేపటికి జారుతున్నాయంటే, వైరస్ మీద హీమగ్లుటినిన్ పక్కనే ఉండే న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ సయాలిక్ ఆమ్లాన్ని కత్తిరించేస్తోందన్నమాట. 4 డిగ్రీల దగ్గర పెట్టి సకాలంలో చదవండి. ఇటీవలి హెచ్3ఎన్2 ఫ్లూ వైరస్ రకాలు కోడి కణాలను సరిగా పట్టవు, వాటికి గినీ పంది కణాలు మేలు.

టైటర్ బాగున్నా ప్లాక్‌లు (బతికున్న వైరస్ కణాల పొరలో చేసే ఖాళీ మచ్చలు) రాకపోవచ్చు. చచ్చిన వైరస్ కూడా కణాలను అతికిస్తుంది. అంతేకాదు, హీమగ్లుటినిన్ రెండు ముక్కలుగా తెగకపోయినా తలలోని పల్లం పనిచేస్తుంది. కానీ తెగనిదే కణంలోకి చొరబడే భాగం తెరుచుకోదు. ఎండీసీకే (కుక్క మూత్రపిండ) కణాల్లో పెంచినప్పుడు ఇలా జరిగితే, మీడియంలో హీమగ్లుటినిన్‌ను తెంచే టీపీసీకే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వేశారా, అది పాతదా, సీరం మిగిలిపోయి దాన్ని అడ్డుకుందా అన్నది ముందు చూడండి.