కంప్యూటర్‌లో ఏ అప్‌డేట్లు ఎక్కాయో చూసుకోవడం ఎలా

విండోస్ అప్‌డేట్ పేజీలో ఆకుపచ్చ టిక్ మార్కు, పక్కనే "యు ఆర్ అప్ టు డేట్" అన్న మాట కనిపిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. నిజానికి ఆ మాట చెప్పేది ఒక్కటే: చివరిసారి వెతికినప్పుడు ఈ మెషీన్‌కి ఇవ్వాల్సిన కొత్తది ఏదీ దొరకలేదని. ఏవి ఎక్కాయో, ఏవి మధ్యలో ఆగిపోయాయో అది చెప్పదు. దాని కిందే చిన్న అక్షరాల్లో "లాస్ట్ చెక్డ్" అని ఉంటుంది. ఆ తేదీ వారాల కిందటిదైతే టిక్ మార్కుకు విలువ లేనట్టే.

ముందు చూడాల్సింది బిల్డ్ నంబర్, అంటే మీ విండోస్ ఏ దశలో ఉందో చెప్పే అంకె. స్టార్ట్ నొక్కి విన్‌వెర్ అని (ఇంగ్లీషులో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్) టైప్ చేసి ఎంటర్ కొట్టండి. చిన్న పెట్టె తెరుచుకుని వెర్షన్, ఓఎస్ బిల్డ్ రెండూ చూపిస్తుంది. బిల్డ్‌లో చుక్కకు ముందున్న అంకెలు మీది ఏ విండోసో చెబుతాయి. 19045 అయితే విండోస్ 10, 22హెచ్2. విండోస్ 11లో 22631 అంటే 23హెచ్2, 26100 అంటే 24హెచ్2, 26200 అంటే 25హెచ్2. చుక్క తర్వాతి అంకె నెలనెలా వచ్చే అప్‌డేట్‌తో పెరుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఒక్కో వెర్షన్‌కి విడుదలల పట్టిక పెడుతుంది. అందులో తేదీ, కేబీ నంబర్ (ఒక్కో అప్‌డేట్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే గుర్తు సంఖ్య), దాంతో వచ్చే బిల్డ్ నంబర్ పక్కపక్కనే ఉంటాయి. మీ అంకె ఒక వరుసలోని బిల్డ్ నంబర్‌తో సమానంగానో, అంతకంటే పెద్దగానో ఉంటే ఆ అప్‌డేట్ మీ దగ్గర ఉన్నట్టే.

ఇంత ధీమాగా చెప్పడానికి కారణం ఉంది. విండోస్ 10 వచ్చినప్పటి నుంచి నెలవారీ అప్‌డేట్లు క్యుములేటివ్. జూన్‌లో వచ్చినదాంట్లో జనవరి నుంచి మే దాకా చేసిన మరమ్మతులన్నీ కలిసే ఉంటాయి. కాబట్టి జనవరి కేబీ నంబర్ జాబితాలో లేదని కంగారు పడక్కర్లేదు. ఆఫీసుల్లో ఆడిట్ వేళ తరచూ జరిగే పొరపాటు ఇదే: పాత కేబీ కనబడలేదని దాన్ని డౌన్‌లోడ్ చేసి ఎక్కించబోతారు, "మీ కంప్యూటర్‌కి ఇది వర్తించదు" అని ఇన్‌స్టాలర్ వెనక్కి పంపుతుంది. అది ఎర్రర్ కాదు, అంతకంటే కొత్తది ముందే ఉందని కావచ్చు. లేదా ఆ కేబీ వేరే వెర్షన్‌ది కావచ్చు. ఒకే నెలలో వచ్చినా విండోస్ 10కీ 11కీ కేబీ నంబర్లు వేరు.

తర్వాతది హిస్టరీ. విండోస్ 11లో సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ. విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, వ్యూ అప్‌డేట్ హిస్టరీ. ఇక్కడ ఫీచర్, క్వాలిటీ, డ్రైవర్, డెఫినిషన్ అని విడివిడి గుంపులుంటాయి. డెఫినిషన్ అంటే డిఫెండర్ వైరస్ గుర్తుల జాబితా. రోజుకు ఒకటికి మించి కూడా వస్తుంది కాబట్టి ఆ గుంపును దాటేయొచ్చు. చదవాల్సింది నెలవారీ అప్‌డేట్లుండే క్వాలిటీ గుంపు. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ (కొన్ని ప్రోగ్రాములు నడవడానికి కావాల్సిన మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా అక్కడే, వేరే కేబీ నంబర్‌తో ఉంటుంది. విన్‌వెర్ చూపే అంకెలో అది కలవదు, డ్రైవర్లూ కలవవు. వాటి సంగతి హిస్టరీలోనే తేల్చుకోవాలి.

అలాగని హిస్టరీని పూర్తిగా నమ్మేయకండి. అది జరిగిన ప్రయత్నాల చిట్టా. ఒకే కేబీ ఒకసారి "ఫెయిల్డ్" అనీ, తర్వాత "సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్" అనీ కనిపిస్తే రెండోదే లెక్క. అప్‌డేట్లు మొరాయించినప్పుడు విండోస్ అప్‌డేట్ ఫైళ్లు దాచుకునే సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చే చిట్కా ఒకటుంది. అది చేశాక హిస్టరీ ఖాళీ అవుతుంది. చిట్టా చెరిగిపోయినంత మాత్రాన ఎక్కినవి ఊడిపోవు.

ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్ కిటికీలో గెట్-హాట్‌ఫిక్స్ (నడుమ స్పేస్ కాదు, అడ్డగీత) కొడితే కేబీ నంబర్లు, ఎక్కిన తేదీలు పట్టికగా వస్తాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో సిస్టమ్‌ఇన్ఫో కొడితే అవే నంబర్లు "హాట్‌ఫిక్స్" అనే వరుసలో కనిపిస్తాయి. నాలుగైదు మాత్రమే వచ్చాయేమిటని అనుమానపడకండి. కొత్తది మింగేసిన పాతవి ఇందులో ఉండకపోవచ్చు. డ్రైవర్లు, డెఫినిషన్లు అసలే రావు.

అన్నీ సరిగా ఉన్నట్టున్నా అంకె మాత్రం కదలడం లేదా? రీస్టార్ట్ మిగిలిపోయి ఉంటుంది. రీస్టార్ట్ అయ్యేదాకా బిల్డ్ నంబర్ మారదు. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అంటారు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ కెర్నల్ (అన్నిటినీ నడిపించే మూల భాగం) పూర్తిగా ఆగదు, దాని స్థితి డిస్క్‌లోకి వెళ్లి మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ తెరిచి "అప్ టైమ్" చూడండి. రాత్రి ఆపిన మెషీన్ పన్నెండు రోజులని చూపిస్తే సంగతి తెలిసిపోతుంది. అప్పుడు షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కాలి.

పదే పదే ఫెయిలయ్యేవాటికి పక్కనున్న ఎర్రర్ కోడ్ ముఖ్యం. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 చాలా మెషీన్లలో 0ఎక్స్80070643 అని ఆగిపోయింది. అది విండోస్ పాడైతే బాగుచేసే రికవరీ విభాగానికి సంబంధించినది, డిస్క్‌లో దానికి వేరుగా ఉండే పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ ఉండాలి. లేనిచోట సీ డ్రైవ్‌లో ఎన్ని జీబీలున్నా ఉపయోగం లేకపోయింది. ఇంకో మాట: విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగించిన భద్రతా పథకంలో చేరని మెషీన్‌లో నెలవారీ భద్రతా అప్‌డేట్లు రాకపోవడం లోపం కాదు.

మ్యాక్‌లో పని తేలిక. ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఆపిల్ మెనూ తెరిస్తే "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" వస్తుంది. ఎడమవైపు సాఫ్ట్‌వేర్ కింద "ఇన్‌స్టాలేషన్స్" నొక్కి, తేదీ శీర్షిక మీద క్లిక్ చేసి వరుసలో పెట్టుకోండి. ఎక్స్‌ప్రొటెక్ట్ పేరుతో కనిపించేవి చడీచప్పుడు లేకుండా వచ్చే మాల్వేర్ గుర్తులు. సాఫ్ట్‌వేర్ అన్న శీర్షిక మీదే నొక్కితే వెర్షన్, బ్రాకెట్లో బిల్డ్ కనిపిస్తాయి.

లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో చిట్టా వార్ ఫోల్డర్‌లోని లాగ్, అందులోని ఆప్ట్ (ఇంగ్లీషులో ఏ, పి, టి) ఫోల్డర్‌లో హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైల్‌లో ఉంటుంది. ఏ రోజు, ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి మారిందో అందులో రాసి ఉంటుంది. తనంతట తాను ఎక్కించుకున్నవీ ఉంటాయి, స్నాప్ అనే వేరే పద్ధతిలో వచ్చే ప్యాకేజీలు మాత్రం ఉండవు. ఫైల్ నెలకోసారి మారుతుంది, పాతవి జీజెడ్‌గా కుదించి పక్కనే ఉంటాయి. ఇంకో లినక్స్ రకమైన ఫెడోరాలో టెర్మినల్ తెరిచి డీఎన్‌ఎఫ్ హిస్టరీ అని కొడితే చాలు.

లినక్స్‌లో వెర్షన్ అంకె చూసి మోసపోవడం మామూలే. ఉబుంటు వాళ్లు భద్రతా మరమ్మతును పాత వెర్షన్‌లోకే తెచ్చి అతికిస్తారు. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (సమాచారాన్ని రహస్య రూపంలో పంపడానికి వాడే సాఫ్ట్‌వేర్) లాంటివి పైకి పాతగా కనిపిస్తాయి, మారేది అంకె చివర ఉబుంటు పేరుతో ఉండే తోక. కెర్నల్ విషయంలో ఇంకో మెలిక: కొత్తది డిస్క్‌లోకి వచ్చినా నడుస్తున్నది పాతదే కావచ్చు. యూనేమ్ స్పేస్ అడ్డగీత ఆర్ కొడితే ఇప్పుడు నడుస్తున్నది తెలుస్తుంది. వార్‌లోని రన్ ఫోల్డర్‌లో "రీబూట్-రిక్వైర్డ్" అనే ఫైల్ కనిపిస్తే రీబూట్ బాకీ ఉన్నట్టే.