పిల్లలతో అనంతగిరి వెళ్తున్నారా? బండి దిగగానే ఈ పని చేయండి

మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి నాలుగు కుటుంబాలం అనంతగిరి గుట్టలకి వెళ్లాం. మధ్యాహ్నం కింద వాలులో ఎండుగడ్డి అంటుకుంది. చూస్తుండగానే పొగ కమ్మేసింది. మాతో వచ్చిన ఏడేళ్ల బాబు కనబడలేదు. వాళ్ల నాన్న ఒక దిక్కు, అమ్మ ఇంకో దిక్కు అరుస్తూ పొగలోకి పరిగెత్తారు. వాడేమో అప్పటికే కారు వెనక టైరు పక్కన, నీళ్ల సీసా గుండెకి హత్తుకుని ముడుచుకుని కూర్చున్నాడు. "అమ్మ తిడుతోందనుకుని పలకలేదు" అన్నాడు. వాళ్లమ్మ తిరిగొచ్చేసరికి నైలాన్ చున్నీ నిండా నిప్పురవ్వల చిల్లులు.

బీడీ పారేయొద్దు, పొయ్యి పెట్టొద్దు అన్నవి అందరికీ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: ఇద్దరూ వెతకడానికి పోవద్దు. బిడ్డ తిరిగొచ్చే చోట ఒకరు కదలకుండా ఉండాలి.

ఆ చోటేదో దిగగానే పిల్లలకి చూపించండి. తారు రోడ్డో, గడ్డి లేని పార్కింగో. "తప్పిపోయినా, పొగ కనబడినా ఇక్కడికే" అని వాళ్ల నోటితో రెండుసార్లు అనిపించండి.

ఫిబ్రవరి నుంచి మే దాకా మన అడవుల్లో కింద రాలిన ఆకు అంతా ఎండే ఉంటుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చేందుకు పెట్టిన చిన్న మంట కూడా చెయ్యిదాటిపోతుంది. వాలు మీద మంట పైకే పరిగెడుతుంది, ఎందుకంటే దాని సెగకి పైనున్న గడ్డి ముందే కాగిపోయి ఉంటుంది. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు 20 మందికి పైగా అలాంటి మంటల్లోనే చనిపోయారు.

కాబట్టి మంట కింద ఉంటే గుట్ట ఎక్కొద్దు. పక్కకి తప్పుకుని రోడ్డు పట్టండి. దారి లేకపోతే కాలి చల్లారిన నల్లనేల మేలు. నూలు బట్టలే వేయండి, నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. బూట్లు విప్పనివ్వొద్దు. ముందు అత్యవసర నంబర్ 112కి ఫోన్ చేయండి. పిల్లల్ని ముద్దుపేరుతో పిలవండి, గద్దించొద్దు. పిలిచాక ఆగి వినండి. బండల చాటు, కార్ల కింద చూడండి. ఇద్దరూ పోవద్దు. వెతికేటప్పుడు ఒకరికొకరికి సిగ్నల్ అందకపోవచ్చు, అందుకే బిడ్డ దొరికితే హారన్ ఆపకుండా కొట్టాలని ముందే అనుకోండి. హారన్ వినగానే వెతికేవాళ్లు ఎక్కడున్నా వెనక్కి రావాలి.