ఈ-శ్రమ్ కార్డుకు దరఖాస్తు: వలస వెళ్లేవాళ్లు ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగండి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి వేటకు వెళ్లిన మత్స్యకారులు వేల సంఖ్యలో గుజరాత్‌లోని వేరావల్ రేవులో చిక్కుకుపోయారు. వేట లేదు, డబ్బు రాదు, తిండీ పడకా బోట్లలోనే. ఎవరు ఎక్కడున్నారో చెప్పే పట్టిక ఏ ఆఫీసులోనూ లేదు. మా వీధిలో ఒకావిడ, భర్తతో పాటు అదే బోటులో ఉన్నవాళ్లందరి ఫోన్ నంబర్లూ పిల్లాడి ఎక్కాల పుస్తకం వెనక రాసుకొచ్చి నా చేతిలో పెట్టింది. చివరికి బస్సుల్లో ఇళ్లకు చేరారు గానీ, ఆ పేజీ నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఆ పట్టిక కోసమే ఈ-శ్రమ్, అంటే అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్. వలస కార్మికుల కేసులో 2021 జూన్ 29న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, ఆగస్టు 26న పోర్టల్ మొదలైంది. కార్డు తీసుకోగానే ఖాతాలో డబ్బు పడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ రేషన్ కార్డు లేని ఈ-శ్రమ్ కార్మికులకు కార్డులివ్వాలని 2023లో కోర్టు ఆదేశించింది. జాబితాలో పేరుంటేనే ఇలాంటివి అడగగలం.

16 నుంచి 59 ఏళ్ల లోపు ఉండి, పీఎఫ్, ఈఎస్‌ఐ లేనివాళ్లు, ఆదాయపన్ను కట్టనివాళ్లు అర్హులు. వేటకు వెళ్లేవాళ్లు, సెంట్రింగ్, తాపీ పనివాళ్లు, పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు అందరూ. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్‌కి లింకైన ఫోను ఉంటే చాలు.

ఫోన్ దగ్గరే చాలామందికి టెన్షన్. లింకైన నంబరు భర్త జేబులో వేరావల్‌లో ఉంటుంది, భార్య ఇక్కడ సెంటర్‌లో కూర్చుని ఓటీపీ కోసం ఎదురుచూస్తుంది. అలాంటప్పుడు సీఎస్‌సీలో (కామన్ సర్వీస్ సెంటర్) వేలిముద్రతో చేయించుకోవచ్చు. అయితే జీడి సొన తగిలి తగిలి వేళ్ల మీద చర్మం లేచిపోయిన ఆడవాళ్లకి ముద్ర పడదు. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించి, రేపు రమ్మని పంపేస్తుంటారు. వెనక్కి రాకండి, కంటిపాపతో చేయమని అడగండి. ఆ మిషన్ లేకపోతే ముందు ఆధార్ కేంద్రంలో నంబరు లింక్ చేయించుకోండి. నమోదు ఉచితం, డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఇంట్లోనే చేసుకోగలిగితే ఈ-శ్రమ్ వెబ్‌సైట్‌లో సొంత నమోదు నొక్కి, ఫోన్ నంబరు, ఓటీపీ, ఆధార్ ఇస్తే పేరు, పుట్టినతేదీ అవే వస్తాయి. మిగతా వివరాలు నింపుతూ పోవడమే. నామినీ పేరు మాత్రం ఖాళీగా వదలొద్దు.

తర్వాత చిరునామా వస్తుంది. మీరు వలస కార్మికులా అని అడుగుతుంది. సెంటర్లో కుర్రాడు తొందరలో కాదు అని కొట్టేసి, రెండు చిరునామాలూ ఊరివే పెట్టేస్తాడు. ఇక్కడే పక్కన కూర్చుని చూసుకోండి. ఏడాదిలో ఎక్కువ నెలలు వేరావల్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉంటే అవును అనే పెట్టించండి. ప్రస్తుత చిరునామాలో పనిచేసే ఊరు, శాశ్వత చిరునామాలో ఎచ్చెర్ల, గార, పూసపాటిరేగ, మీది ఏదైతే అది. వృత్తి దగ్గర కూడా ఉత్త కూలీ అని వదిలేయకుండా అసలు పని పేరు వెతికించండి. మళ్లీ అలాంటి రోజులొస్తే ఏ జిల్లావాళ్లు ఎక్కడ ఆగిపోయారో చెప్పేది ఆ రెండు చిరునామాల గడులే.

చివర్లో బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిచూసుకుని సబ్మిట్ చేస్తే 12 అంకెల యూఏఎన్‌తో (మీ ఈ-శ్రమ్ నంబరు) కార్డు వస్తుంది. ఆ నంబరు మారదు. పని ఊరు మారితే అదే నంబరుతో అప్‌డేట్ చేయించుకోవాలి. ప్రమాద బీమా కావాలంటే బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమాకి విడిగా సంతకం పెట్టండి, రెండు లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. సందేహం వస్తే 14434కి ఫోన్ చేయండి.

కార్డు ప్రింటు రెండు తీయించండి. ఒకటి మీతో రైలెక్కాలి, ఇంకోటి ఇంట్లో రేషన్ కార్డు కవర్లో ఉండాలి.